మంత్రి గారూ, కరాటే క్లాస్ మూడు నెలలకే ఆపేయకండి

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం అండి,

నేను ఒక పల్లెటూరి గవర్నమెంట్ హైస్కూల్లో ఆడపిల్లలకి కరాటే నేర్పిన మాస్టర్ని. సమగ్ర శిక్షా కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ అని 6 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి మూడు నెలలు ట్రైనింగ్ ఇప్పిస్తారు కదా, మంచి స్కీమే, కాదనను. కానీ ఆ మూడు నెలల్లో గ్రౌండ్‌లో ఏం జరిగిద్దో కాస్త చెప్తా వినండి.

మొదటి నెల పిల్లలు నవ్వకుండా నిలబడటానికే సరిపోద్ది, కింద గులకరాళ్ళు, పైన ఎండ. రెండో నెల్లో హెయాన్ షోదాన్ అనే కటా, అంటే ఒక వరుసలో ఒంటరిగా చేసే దెబ్బలూ బ్లాకుల కూర్పు, మొదలెడతాం. మొత్తం 21 కదలికలు, చేస్తే నిమిషం కూడా పట్టదు. మధ్యలో మూడుసార్లు చెయ్యి పైకెత్తి బ్లాక్ చేసి, గట్టిగా అరిచి, వీపు వైపు నుంచి ముప్పావు చుట్టు తిరగాలి, సగం మంది తప్పేది అక్కడే. పక్కదాన్ని చూసి తిరుగుదామంటే అది అప్పటికే తప్పు తిరిగుంటది! బుర్ర ఇంకెక్కడో ఉంటే కాలు పట్టించేస్తది, నేను చెప్పక్కర్లేదు. ఏకాగ్రత ఏకాగ్రత అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా రానిది ఆ మలుపు దగ్గర వస్తది.

ఇంకోటి చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఇద్దరికి బెంచీ దగ్గర గొడవై కొన్ని వారాలుగా మాటల్లేవు, నాకు తెలీక ఇద్దర్నీ జోడీ వేశాను (తెలిస్తే వేసేవాణ్ణి కాదేమో). జోడీ ప్రాక్టీస్‌లో కొట్టే పిల్ల ఎక్కడ కొడుతుందో ముందే చెప్పాలి, మొహానికైతే "జోదాన్" అనాలి, ముందూ తర్వాతా వంగి దణ్ణం పెట్టాలి, పిడికిలి ముక్కుకి వేలెడు దూరంలో ఆగాలి. ఆపుద్దన్న నమ్మకంతో అవతలిది కళ్ళు మూసుకోకుండా నిలబడాలి. అలా ఆ ఇద్దరి మధ్య ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి మాట "జోదాన్" అండి. నాలుగో రోజుకి "కొంచెం దూరం జరగవే, తగుల్తది" అనేదాకా వచ్చారు.

అప్పటికి మూడు నెలలు అయిపోయాయి.

ఈ హెయాన్ కటాలు అసలు పుట్టిందే బడిపిల్లల కోసం అండి. జపాన్‌లోని ఒకినావా దీవిలో అంకో ఇతోసు అనే పెద్దాయన 1900ల మొదట్లో కరాటేని స్కూళ్ళలోకి తెచ్చి, పిల్లలకి సులువుగా ఉండాలని వీటిని తయారు చేశారు. కోర్సులాగా మూడు నెల్లు చెప్పి సర్టిఫికెట్ ఇచ్చేయడానికి కాదు.

అందుకే అడిగేది ఒకటే, వారానికి రెండు పీరియడ్లే అయినా పర్లేదు, ఏడాది పొడుగునా పెట్టించండి, మగపిల్లల్ని కూడా కలపండి, చెయ్యి ఆపడం నేర్వాల్సింది ముందు వాళ్ళే.

మొన్న అటు వెళ్తే ఆ ఇద్దరూ ఇంటర్వెల్లో నీళ్ళ ట్యాంక్ వెనకాల కటా చేసుకుంటున్నారు. ముప్పావు చుట్టు దగ్గర ఇంకా తప్పే తిరుగుతున్నారు, సరిచేద్దామనుకునేలోపు బెల్లు కొట్టేశారు.

ఇట్లు,
ఒక కరాటే మాస్టర్