గురుబలం వచ్చిందిరా!

వనస్థలిపురం, హైదరాబాద్
జనవరి 18, ఆదివారం రాత్రి

ఒరేయ్ తహసీల్దారూ,

ముందే చెప్తున్నా, తిట్టకు. నీ దసరా ఉత్తరానికి సంక్రాంతి దాటాక జవాబు రాస్తున్నాను. తప్పు నాదే. వచ్చినప్పుడు రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ జరిమానా కట్టుకుంటా. ఇంటి సంగతులు గబగబా: నాన్న మోకాలు పర్వాలేదు, చెల్లికి ఏడో నెల, నాకు మళ్ళీ నైట్ షిఫ్ట్, ఇంటద్దె వెయ్యి పెరిగింది. అయిపోయాయి.

ఒరేయ్, నేను గురుగ్రహాన్ని ఫోటో తీశానురా!

ఫోన్లో చెబితే "ఊఁ" అని పెట్టేస్తావు, అందుకే కాగితం. నవంబరులో మా ఆఫీసు నుంచి పుణె వెళ్ళిపోతున్న ఒకతని దగ్గర టెలిస్కోపు కొన్నాను. ఆరంగుళాల అద్దం, నాలుగడుగుల గొట్టం, కింద చెక్క పీట. మోటారు లేదు, చేత్తో తోసుకోవాలి. కెమెరా కొనే స్తోమత లేదు కాబట్టి లాక్‌డౌన్‌లో మీటింగుల కోసం కొన్న వెబ్‌క్యామ్ లెన్సు ఊడదీశా. లెన్సు చేసే పని టెలిస్కోపే చేస్తుంది. ఇక దాన్ని ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టే చోట దూర్చాలంటే ఒకటింబావు అంగుళం గొట్టం కావాలి. సరిగ్గా ఆ కొలతకి ఏం దొరికిందో చెప్పు? నాన్న పాత ఫిల్మ్ రోల్ డబ్బా! అమ్మ అందులో ఇంగువ దాచుకుంది. అడుగు కోసేసి వెబ్‌క్యామ్‌కి అంటించా. ఎంత కడిగినా వాసన పోలేదు, ఇప్పటికీ నా ఖగోళం ఇంగువ పోపుతోనే నడుస్తోంది.

మొదటి రాత్రి పరువు పోయిన కథ విను. డిసెంబరులో తూర్పున ధగధగా మెరుస్తున్నదాని వైపు తిప్పా. అది ఏమిటో కూడా తెలియదు అప్పటికి. ఐపీస్‌లో కనిపించింది కాస్తా వెబ్‌క్యామ్ పెట్టగానే మాయం. లోపల బొమ్మని పట్టే సెన్సరు అగ్గిపుల్ల తలంత ఉంటుంది మరి, అందులో ఆకాశం ఎంత పడుతుంది! గంటన్నర వెతికా. ఉన్నట్టుండి ల్యాప్‌టాప్‌లో పెద్ద ఉంగరం. మధ్యలో చీకటి, చుట్టూ వెలుగు. "అమ్మా, శని దొరికాడే!" అని కేక పెట్టా. అమ్మ, ఓనరు ఆంటీ, ఆవిడ మనవడు, అందరూ మేడెక్కారు. అమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, నా ఏలినాటి శని సంగతి కాస్త చూడమని కూడా చెప్పుకుంది. నేను గర్వంగా ఫోకస్ మర తిప్పాను. ఉంగరం చిన్నదైంది. ఇంకా తిప్పాను, ఇంకా చిన్నదైంది. చివరికి తెల్ల చుక్కై కూర్చుంది. అది గురుడురా! ఫోకస్ తప్పితే గొట్టంలోని చిన్న అద్దం నీడ మధ్యలో పడి అలా గారెలా కనిపిస్తుందట. గారెకి దణ్ణం పెట్టించాను మా అమ్మ చేత.

నవ్వు. నీకింకేం పని.

తర్వాత నెలంతా తెల్ల చుక్కే. వెబ్‌క్యామ్ గురుడి చుట్టూ ఉన్న నలుపు చూసి తనంతట తనే వెలుగు పెంచేస్తోందని చాలా రోజులకి తట్టింది. ఆటోమేటిక్ తీసేసి ఎక్స్‌పోజర్ (వెలుగు పడే సమయం) బాగా తగ్గిస్తే చారలు లీలగా తేలాయి, కానీ పక్కనున్న నాలుగు చందమామలూ పోయాయి. అవి కావాలంటే ఇవి ఉండవు. పైగా బొమ్మ గులాబీ రంగులో వస్తోంది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని ఆపే గాజు బిళ్ళ ఆ ఊడదీసిన లెన్సుతోనే పోయిందిలే. సాయంత్రమైతే పగలంతా కాగిన స్లాబు వేడి వదులుతుంటుంది కదా, బొమ్మ మరిగే పాలలో తేలినట్టు ఊగుతుంది. సిటీ లైట్లతో మాత్రం గ్రహాలకి ఇబ్బంది లేదు, అదొక్కటే అదృష్టం. మీ ఉట్నూరులో అయితే మబ్బుల్లాంటి నెబ్యులాలు కూడా... సరే, అది ఇంకోసారి.

అన్నిటికంటే పెద్ద తంటా భూమి తిరగడం. మనకి తెలియదు కానీ వెబ్‌క్యామ్‌కి తెలుస్తుంది. ఈ అంచున కనిపించిన గురుడు నలభై సెకన్లలో ఆ అంచున దిగిపోతాడు. రికార్డ్ నొక్కి, పరిగెత్తుకెళ్ళి గొట్టం తోస్తే, ఆ ఊపుకి ఏకంగా కంటికే దొరకడు.

కనుమ రాత్రి ఓనరు ఆంటీ మనవడు మాంజా చరఖా చుట్టుకుంటూ నా అవస్థ చూశాడు. ఎనిమిదో తరగతి, పగలంతా పతంగులే. "అంకుల్, నేను పట్టుకోనా?" అన్నాడు. వద్దనబోయి సరే అన్నా. ఏం చేతులురా వాడివి! మాంజాకి ఢీల్ వదిలినట్టు రెండు వేళ్ళతో గొట్టాన్ని వదులుతున్నాడు, తోయడం లేదు. గురుడు తెర మధ్యలో నిలబడ్డాడు! ఎప్పుడైనా జారిపోతే, పతంగు తెగినప్పుడు అరిచినట్టు "అఫా!" అని అరుస్తాడు. వీడియో రెండు నిమిషాలు దాటనివ్వలేదు. గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు కదా, ఎక్కువసేపు తీస్తే వివరాలు అలుక్కుపోతాయి. పన్నెండింటికల్లా గురుడు నడినెత్తికొచ్చాడు. గొట్టం నిటారుగా లేచి ఇక ఎటు తోయాలో తెలియక ఆపేశాం.

పంచాంగంలో గురుడు మిథునంలో వక్రించాడని రాశారు. నిజంగానే పునర్వసు చుక్కల దగ్గరే ఉన్నాడు. నీ జన్మనక్షత్రం! 10వ తేదీన సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, ఇదే ఏడాదికి పెద్దగా కనిపించే కాలం. గురుబలం లేదని నీ సంబంధం ఆపిన ఆ సిద్ధాంతి గారికి ఈ ఫోటో పంపుదామా?

రాత్రి ఒంటిగంటకి రిజిస్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేశా. వీడియోలో 1,800 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. గాలి కుదురుగా ఉన్న క్షణాలవి 400 ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చింది. ముందు ఏదో మసక ముద్ద. బొమ్మకి పదును పెంచే మీట కొంచెం కొంచెం జరిపితే... ఒరేయ్, రెండు గోధుమరంగు పట్టీలు పైకి తేలాయిరా. కింది పట్టీ అంచున చిన్న ముడి కూడా ఉంది. మొత్తం బొమ్మ 48 పిక్సెళ్ళు. కందిగింజంత! నాకు అరవాలనిపించింది, అందరూ నిద్రలో ఉన్నారు.

మోకాలు నొప్పికి నాన్న ఒక్కరే లేచి ఉన్నారు. వచ్చి చూశారు. గురుడి గురించి ఏమీ అనలేదు. వెబ్‌క్యామ్ చేతిలోకి తీసుకుని, "ఈ డబ్బాలో రోల్‌తోనే కదరా మీ ఇద్దరి టెన్త్ ఫోటో తీసింది" అన్నారు. నువ్వు కళ్ళు మూసుకున్న ఫోటో. నేను అప్పుడు... ఏమో, నువ్వు పక్కనుంటే బాగుండేదనిపించింది. బిర్లా ప్లానెటేరియంలో లైట్లు ఆర్పగానే గురక పెట్టినవాడివి, ఇక్కడా పెట్టేవాడివేలే.

మన ఊరికి ఈ పిచ్చి కొత్తేం కాదు. 1901లోనే నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు, అదే నిజామియా. ఆయన దుర్భిణి 15 అంగుళాలు, నాది ఆరు. కాకపోతే ఆయన దానికి ఇంగువ వాసన...

క్యాబ్ హారన్ కొట్టేస్తున్నాడు, పది కాకముందే వచ్చేశాడు. ఫోటో కవర్లో పెట్టా. నూనె చేత్తో ముట్టుకోకు. శని సంగతి ఇంకో ఉత్తరంలో.