ఊక బూడిద చెరువు గట్టుకేనా?

సంపాదకుడు గారికి,

పూతలపట్టు–నాయుడుపేట రోడ్డులో బండి మీద తిరిగేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ముందు ట్రాక్టర్ పోతుంటుంది, పైన పట్టా సగమే కప్పి ఉంటుంది, గాలికి నల్లటి బూడిద లేచి నేరుగా కళ్లలో పడుతుంది. రైసు మిల్లుల బాయిలర్లలో ఊక కాల్చగా మిగిలిన బూడిద అది. పోయిన నెల మా ఊరి చెరువు గట్టున రాత్రికి రాత్రి రెండు లోడ్లు పోసి వెళ్లారు. ఏ మిల్లుదో తెలిసినా ఇక్కడ రాయను. ఆ ఒక్క మిల్లుతోనే పోయేదయితే ఈ ఉత్తరమే అక్కర్లేదు.

నేను రేణిగుంట దగ్గర చిన్న రబ్బరు యూనిట్ నడుపుతాను. ఆవుల కొట్టాల్లో పరిచే మ్యాట్లు, వాషర్లు, లారీల మడ్ ఫ్లాపులు చేస్తాం. రబ్బరు వస్తువంటే అంతా రబ్బరే అనుకుంటారు జనం. పచ్చి రబ్బరులో గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటివాటితో పాటు ఫిల్లర్ అనే పొడి బాగా కలుస్తుంది. గట్టిదనం దానివల్లే, ధర తగ్గేదీ దానివల్లే. నల్ల సరుకుకు కార్బన్ బ్లాక్, చౌక సరుకుకు చైనా క్లేనో సున్నపురాయి పొడో వేస్తాం. కార్బన్ బ్లాక్ పెట్రోలియం నూనెల నుంచి తీసేది కాబట్టి క్రూడ్ రేటు కదిలితే మా గుండెలూ కదులుతాయి. డబ్బు పోసి పొడి కొంటూ, ఇక్కడేమో పొడి రోడ్ల మీద ఎగిరిపోతుంటే చూడలేక ఒక మిల్లు నుంచి రెండు సంచుల బూడిద తెచ్చాను.

మొదటిసారి దాన్ని ఉన్నదున్నట్టే వేశాం. రోలర్ల మీద రబ్బరు పట్టీలా చుట్టుకున్నాక చేటతో పోస్తే సగం రబ్బరులోకి, సగం మా ముక్కుల్లోకి పోయింది. రోలర్ల మీద పనిచేసే ఆయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, "ఏంది సార్, రోడ్డు మీద పడింది చాలదని ఈడికీ తెచ్చినారా?" అన్నాడు. ప్రెస్సు నుంచి మామూలు టైముకే దించితే షీటు ఉడకలేదు, వేలికి అంటుకుంది. బూడిదలో ఉండే సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, రబ్బరు త్వరగా ఉడకడానికి వేసే యాక్సిలరేటర్ అనే మందును తనకు పట్టేసుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకాసేపు ఉడికించి వంచి చూస్తే, పలుకు ఉన్నచోటల్లా చీలింది.

రెండోసారి బూడిదను ఎండబెట్టి, మా అమ్మ చూర్ణాలకు పట్టినట్టు వస్త్రగాళితం పట్టాం. 100 పాళ్ల రబ్బరుకు 40 పాళ్లు వేసి, యాక్సిలరేటర్ కాస్త పెంచాం. ఆ మ్యాటు ఇప్పుడు మా బావ కొట్టంలో రెండు జెర్సీ ఆవుల కింద ఉంది. గిట్టల దెబ్బకు ఒక అంచు అరిగింది తప్ప ఇంకేమీ కాలేదు.

ఇంతమాత్రానికే బూడిద బంగారమని ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొస్తే నమ్మకండి. కార్బన్ బ్లాక్ రేణువు ముందు ఈ పొడి బండరాయంత. రబ్బరుకు బలం ఇవ్వదు, చోటు నింపుతుంది. మ్యాట్లకు, ఫ్లాపులకు సరిపోతుంది గానీ టైరు రోడ్డుకు రాసుకునే భాగానికి పనికిరాదు. టైర్లలో వేయాలంటే బూడిదను కాస్టిక్ సోడాలో ఉడికించి, సోడియం సిలికేట్ చేసి, దాన్నుంచి మళ్లీ సన్నటి సిలికా దింపాలి. అలా తీసిన సిలికాను టైర్లలో వాడతామని గుడ్‌ఇయర్ కంపెనీ 2014లోనే ప్రకటించింది. అది పెద్దవాళ్లు పెట్టుబడి పెట్టి చేయాల్సిన పని. మన జిల్లా చిన్నపండూరులోనే టైర్ల కర్మాగారం ఉంది కదా, మన ప్రజాప్రతినిధులు ఆ మాటా ఒకసారి ఎత్తి చూడొచ్చు.

సరుకుకు కొదవ లేదు. టన్ను వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. అది కాలిస్తే 40 కిలోల దాకా బూడిద, అందులో ఎక్కువ పాలు సిలికానే. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదకైతే కేంద్రం 1999 నుంచి ఉత్తర్వులు ఇస్తూనే ఉంది. మొత్తం వాడకంలోకి తేవాలని 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ గట్టిగానే చెబుతోంది. కానీ అది బొగ్గు, లిగ్నైట్ బూడిదకే. ఊక బూడిద దాని కిందికి రాదు. కనీసం కాలుష్య నియంత్రణ మండలి అయినా లోడు లోడుకూ బూడిద ఎక్కడికి పోయిందో మిల్లుల చేత లెక్క చెప్పించాలి. నీళ్లు కొట్టి గుట్ట పోయకుండా పొడిగా, కప్పిన షెడ్డులో పెట్టించాలి. తడిసిన బూడిద మాకు దేనికీ పనికిరాదు.

ఇంకొకటి, నన్ను నిజంగా ఆపింది. బాయిలర్‌లో వేడి మరీ ఎక్కువైతే బూడిదలోని సిలికా స్ఫటికంగా మారుతుంది. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. నా సంచిలో ఉన్నది ఏ రకమో కంటితో చూసి చెప్పలేను, ల్యాబులో ఆ బూడిదకు ఎక్స్-రే పరీక్ష చేయాలి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. మిల్లుల వారీగా నమూనాలు తీసుకుని జల్లెడ సైజు, తేమ, మిగిలిన కార్బన్, స్ఫటిక సిలికా ఎంతెంతో రాసిచ్చే ఏర్పాటు జిల్లా యంత్రాంగం చేయిస్తే ఫీజు కట్టడానికి మా లాంటి చిన్న యూనిట్లు వెనకాడవు. ఆ కాగితం చేతిలో లేకుండా తువ్వాలు చుట్టుకున్న మనిషిని మళ్లీ ఆ చేట పట్టమనడానికి నాకు నోరు రాలేదు.

రెండో సంచిలో సగం ఇంకా యూనిట్ మూలన ఉంది. పరీక్ష చేస్తామని ఎవరైనా అంటే, మూతి గట్టిగా కట్టి నేనే బండి మీద తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రేణిగుంట, తిరుపతి జిల్లా