గాలి సముద్రానిదైనా, హైడ్రోజన్ ఒడ్డునే తీయాలి

సంపాదకులకు,

అనకాపల్లి జిల్లా పూడిమడకలో కట్టేందుకు 2025 జనవరి 8న విశాఖ నుంచి ప్రధాని శంకుస్థాపన చేసిన హరిత హైడ్రోజన్ హబ్ గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ మధ్య ఒక సూచన వినిపిస్తోంది. సముద్రంలో గాలిమరలు నిలబెట్టి, వాటి పక్కనే ఎలక్ట్రోలైజర్లు (కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టే యంత్రాలు) పెట్టి, చుట్టూ ఉన్న నీటినే వాడి, హైడ్రోజన్‌ను గొట్టంలో ఒడ్డుకు పంపాలట. సముద్రగాలి వాడుకోవాలన్నది మా కోరిక కూడా. కానీ విశాఖ తీరంలో ఎలక్ట్రోలైజర్ ఉండాల్సింది ఒడ్డు మీదే. నడిసముద్రంలో పెడితే డబ్బూ పోతుంది, యంత్రమూ పోతుంది.

ముందు లెక్క చూద్దాం. కిలో హైడ్రోజన్‌కు సిద్ధాంతం ప్రకారం 39.4 యూనిట్ల కరెంటు చాలు. పంపులు, ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్లు, చల్లబరిచే ఏర్పాట్లు కలుపుకుంటే ప్లాంటులో 50 నుంచి 55 యూనిట్లు అవుతుంది. 52 అనుకుందాం. 15 మెగావాట్ల గాలిమర ఏడాది సగటున 35 శాతం సామర్థ్యంతో తిరిగితే రోజుకు 1,26,000 యూనిట్లు ఇస్తుంది. అంటే 2.4 టన్నుల హైడ్రోజన్. హబ్ లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. ఆ లెక్కన ఇలాంటి మరలు 620 దాకా కావాలి. కాబట్టి సముద్రగాలి ఒక్కదానితో హబ్ నడవదు. రాయలసీమ ఎండ, అక్కడి కొండగాలి కూడా గ్రిడ్ మీదుగా పూడిమడక చేరాల్సిందే. ఎలక్ట్రోలైజర్ ఒడ్డున ఉంటే పగలు సోలార్ కరెంటు, రాత్రి గాలి కరెంటు రెండూ దానికే అందుతాయి. సముద్రంలో ఉన్నదానికి గాలి తప్ప దిక్కు లేదు. కోట్లు పోసి కొన్న యంత్రం మూడింట రెండు వంతుల సామర్థ్యం వాడకుండా పడి ఉంటుంది.

దూరం సంగతీ ఉంది. ఒడ్డుకు వంద కిలోమీటర్లు, ఇంకా పైన ఉన్నప్పుడే కేబుల్ కన్నా గొట్టం మేలనే వాదనకు బలం వస్తుంది. ఉత్తర సముద్రంలో అలాంటి చోట్లు ఉన్నాయి. మన దగ్గర కొన్ని పదుల కిలోమీటర్లు దాటేసరికే సముద్రం అడుగు లోతుకు జారిపోతుంది. పునాది వేసి నిలబెట్టే మరలకు 50, 60 మీటర్ల లోతు హద్దు, ఆపైన తేలే మరలే దిక్కు. మనం వెళ్లగలిగిన 20, 30 కిలోమీటర్ల నుంచి 220 కేవీ కేబుల్‌లో కరెంటు తెస్తే నష్టం రెండు మూడు శాతం మించదు.

ఇక నీరు. చాలామంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. కిలో హైడ్రోజన్‌కు 10 లీటర్ల శుద్ధజలం చాలు. ఆర్వోతో వెయ్యి లీటర్ల సముద్రపు నీటికి ఉప్పు తీయడానికి మూడు నాలుగు యూనిట్లే అవుతుంది కనుక కరెంటు ఖర్చు ఏపాటిదీ కాదు. చిక్కంతా శుద్ధి దగ్గరే. ఉప్పునీటిని నేరుగా విడగొడితే ఆనోడ్ వద్ద ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ పుడుతుంది. పైగా ప్రోటాన్లను దాటనిచ్చే పలుచని పొరతో పనిచేసే పెమ్ రకం ఎలక్ట్రోలైజర్‌కు సెంటీమీటరుకు 1 మైక్రోసీమెన్స్ కన్నా తక్కువ వాహకత (కరెంటును పారనిచ్చే గుణం, ఉప్పు ఎక్కువైతే ఇది పెరుగుతుంది) ఉన్న నీరు ఇవ్వాలి. సముద్రపు నీటిది 50,000 దాకా ఉంటుంది.

ఆర్వో గొట్టాల్లో ఒక మెంబ్రేన్‌ను (ఉప్పును ఆపే వడపోత పొరను) ఇంకోదానికి కలిపే చోట రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. అది కాస్త చిట్లితే చాలు, ఉప్పునీరు శుద్ధజలంలోకి జారుతుంది. వెనకున్న, మిగిలిన ఉప్పును పట్టుకునే రెజిన్ కొన్నాళ్లు కాపాడుతుంది, అదీ నిండిపోయాక సోడియం వెళ్లి పెమ్ పొరలో ప్రోటాన్ల చోటు ఆక్రమిస్తుంది. అప్పుడు అంతే ఆంపియర్లకు వోల్టేజీ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. గొట్టాల తుప్పు నుంచి ఇనుము చేరితే ఇంకా నష్టం. పొర రసాయనికంగా తినేయబడి, బయటికొచ్చే నీటిలో ఫ్లోరైడ్ కనబడటం మొదలవుతుంది. ఫ్లోరైడ్ కనబడిందంటే స్టాక్, అంటే ఎలక్ట్రోలైజర్‌లో నీటిని విడగొట్టే అసలు భాగం, అరిగిపోతున్నట్టే. ఒడ్డున అయితే వాహకత మీటరు మోగగానే వాల్వు మూసి, రెండో వరుసకు మార్చి, ఆ షిఫ్టులోనే ఓ-రింగ్ వేసేస్తారు. సముద్రంలో అలలు ఒకటిన్నర మీటర్లు దాటితే మామూలు సిబ్బంది పడవ మర దగ్గర మనిషిని దించలేదు. మనకు నైరుతి గాలి బలంగా వీచే నెలలూ, పడవ వెళ్లలేని నెలలూ ఒకటే. ఉత్పత్తి బాగా రావాల్సిన కాలంలోనే మరమ్మతుకు దారి ఉండదు.

సముద్రంలో హైడ్రోజన్ తీయడం అసాధ్యమని మా మాట కాదు. ఫ్రాన్స్‌లో సీల్‌హైఫ్ అనే తేలే వేదిక మీద 2023లో, తీరానికి 20 కిలోమీటర్ల దూరంలో, తీసి చూపించారు. అది 1 మెగావాట్ ప్రయోగం, రోజుకు 400 కిలోల సామర్థ్యం. ప్రయోగంగా అది విలువైనదే, 1,500 టన్నులకు నమూనా మాత్రం కాదు.

గాలి పడిపోయినప్పుడు ఏం చేస్తామన్నది కూడా డిజైన్‌లోనే తేల్చుకోవాలి. చవకగా దొరికే, క్షార ద్రావణంతో నడిచే ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్ సుమారు 20 శాతం లోడు కన్నా దిగితే ఆక్సిజన్ వైపుకు హైడ్రోజన్ చేరడం ఎక్కువవుతుంది. 4 శాతం చేరితే పేలుడు హద్దు కనుక, 2 శాతం దగ్గరే ట్రిప్ అయ్యేలా పెడతారు. ఇలా పదే పదే ఆగి మొదలైతే ఎదురు కరెంటు వల్ల నికెల్ ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. పెమ్ సెకన్లలో సర్దుకుంటుంది, కానీ దానికి ఇరీడియం అనే అరుదైన లోహం కావాలి, అది ప్రపంచమంతా కలిపి ఏడాదికి ఏడెనిమిది టన్నులే వస్తుంది. స్థిరమైన లోడు ఆల్కలైన్‌కు వదిలి, ఒడిదుడుకులు పెమ్‌కూ బ్యాటరీకీ అప్పగించడం మా దృష్టిలో సరైన పద్ధతి. ఈ పంపకం గ్రిడ్ ఉన్న ఒడ్డునే కుదురుతుంది.

ఒడ్డున పెడితే ఇంకో లాభం. కిలో హైడ్రోజన్‌తో పాటు 8 కిలోల ఆక్సిజన్ వస్తుంది, లక్ష్యం లెక్కన రోజుకు 12,000 టన్నులు. సముద్రంలో దాన్ని గాలికి వదిలేయడమే. ఇక్కడైతే ఆ ఆక్సిజన్ వాడుకోగల ఉక్కు కర్మాగారం దగ్గర్లోనే ఉంది.

తుపాను మాట ఎత్తకుండా విశాఖలో గాలిమర గురించి రాయలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. మరలు సెకనుకు 25 మీటర్ల వద్ద, అంటే గంటకు 90 కిలోమీటర్లకే, రెక్కలు తిప్పుకొని ఆగిపోతాయి. ఆగిన మర గాలికి ఎదురుగా తిరిగి ఉండాలంటే తల తిప్పే మోటారుకు కరెంటు కావాలి. తుపానులో ముందు పోయేది గ్రిడ్డే. గాలి దిశ మారి రెక్కలకు పక్క నుంచి కొడితే విరిగేది అక్కడే. 2003లో జపాన్‌లోని మియాకో దీవిలో మేమి తుపానుకు మరలు కూలాయి. కాబట్టి టెండర్లో సెకనుకు 57 మీటర్ల గాలిని తట్టుకునే, తుపాను ప్రాంతాల కోసం నిర్దేశించిన 'టి' తరగతి మరలే అడగాలి, ప్రతి మరకూ తల తిప్పడానికి సొంత బ్యాకప్ ఉండాలి.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది గాలిని కొలవడం. కేంద్రం 2024 జూన్‌లో సముద్రగాలికి ఆమోదించిన 7,453 కోట్ల పథకం గుజరాత్, తమిళనాడులకు చెరో 500 మెగావాట్లది. అక్కడి అంకెలు తెచ్చి మన తీరానికి అతికించకూడదు. గాలిలో శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 9 మీటర్ల గాలి 7 మీటర్ల గాలికన్నా రెండింతలు పైగా శక్తినిస్తుంది. 7 దగ్గర అర మీటరు ఎక్కువ అంచనా వేసినా శక్తి లెక్క 23 శాతం తప్పుతుంది. పైన మేము వేసిన 35 శాతం కూడా కొలిచి తేల్చాల్సిన అంకే. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో 2017లో సముద్రంలో నిలిపిన వేదిక మీద లైడార్ (లేజర్‌తో గాలివేగం కొలిచే పరికరం) పెట్టినట్టు, ఇక్కడ తేలే లైడార్ బోయా దించి, కనీసం రెండు నైరుతి కాలాలు పూర్తిగా కొలవాలి. చోటు ఎంచేటప్పుడు రాంబిల్లి నౌకాదళ స్థావరం, విశాఖ, గంగవరం రేవుల ఓడ దారులు ముందే పటంలో గీసుకోవాలి. లేకపోతే రెండేళ్లు కొలిచాక ఆ చోటుకు అనుమతి రాదు.

ఉప్పునీరు తిరిగి వదిలే చోటు కూడా ఆ పటంలోనే ఉండాలి. 1,500 టన్నులకు రోజుకు సుమారు 3.6 కోట్ల లీటర్ల సముద్రపు నీరు తోడితే అందులో 2.1 కోట్ల లీటర్లు లీటరుకు 60 గ్రాముల ఉప్పుతో తిరిగి వెళ్తాయి. చల్లబరిచే నీరు దీనికి అదనం. ఆ నీరు బరువెక్కి అడుగున పాకుతుంది కనుక గొట్టం చివర ఒకే నోరు చాలదు, నీటిని చెదరగొట్టే అనేక నాజిళ్లుండాలి. కేబుల్‌ను ఇసుకలో ఒకటిన్నర, రెండు మీటర్ల లోతున పూడ్చాలి, లేకపోతే లంగరు తగిలి తెగుతుంది, వలలూ చిక్కుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, కేబుల్ పని అప్పుడు కానిస్తే ఎవరికీ నష్టం ఉండదనే వారున్నారు. ఆ నిషేధం మరబోట్లకే. పూడిమడక తెప్పలు ఆ రెండు నెలలూ వేటకు వెళ్తాయి. కేబుల్ దారి గీసే రోజున ఆ తెప్పల వాళ్లను పిలిచి, వాళ్లు వల వేసే చోట్లు వాళ్లతోనే పటం మీద గుర్తు పెట్టించాలి.

ఇట్లు,
కొందరు విద్యుత్, రసాయన ఇంజినీర్లు,
విశాఖపట్నం