నొప్పి లేని గడ్డ – చెప్పకూడని మాట

సంపాదకులకు,

ఆరోగ్య పేజీల్లో గడ్డల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘నొప్పి లేకపోతే భయపడక్కర్లేదు’ అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. సార్కోమాల విషయంలో ఆ మాట ప్రమాదం. కొవ్వు, కండరం, నరం, రక్తనాళం వంటి మెత్తటి భాగాల్లో పుట్టే ఈ క్యాన్సర్లు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. నిజమే, ఒంటి మీద తేలే మెత్తటి గడ్డల్లో అత్యధికం ప్రాణహాని లేనివే. పెద్దవాళ్ల క్యాన్సర్లలో సార్కోమాల వాటా ఒక శాతమే. కానీ ఆ ఒక్క శాతంలో 50కి పైగా రకాలున్నాయి. వాటిలో కొన్నింటిని పాథాలజిస్టు (శరీరం నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి రోగం తేల్చే డాక్టరు) తన ఉద్యోగకాలం మొత్తంలో నాలుగైదుసార్లు చూస్తే గొప్ప.

రిపోర్టు తప్పితే అందరూ స్లైడు చూసినవాళ్లనే అంటారు. మా పాథాలజిస్టుల తప్పులు లేవని కాదు. అయితే చాలా కేసులు మైక్రోస్కోపు దాకా రాకముందే చెడిపోతున్నాయి.

మొదటి పొరపాటు, ముందు తీసేసి తర్వాత పరీక్షకు పంపడం. సార్కోమా చుట్టూ నొక్కుకుపోయిన కణజాలం ఒక తొడుగులా కనబడుతుంది. కత్తి పెట్టగానే గడ్డ తొక్క వలిచినట్టు శుభ్రంగా ఊడివస్తుంది, ‘కొవ్వు గడ్డే’ అనుకుంటారు. ఆ తొడుగు నిజమైన పొర కాదు, క్యాన్సరు కణాలు దాన్ని దాటి బయట ఉంటాయి. రిపోర్టు వచ్చాక మళ్లీ ఆపరేషను చేయాలి, ఈసారి పాత మచ్చతో సహా చుట్టూ ఇంకా ఎక్కువ కండ తీయాలి. చేతికో కాలికో అడ్డంగా గాటు పెట్టి ఉంటే మరీ కష్టం. నిలువు గాటైతే ఆ దారినంతా తీసేయడం తేలిక.

గడ్డ 5 సెం.మీ. దాటినా, కండరం పొరకు లోపల ఉన్నా, పెరుగుతున్నా, తీశాక మళ్లీ వచ్చినా ముందు ఎమ్మారై తీయించాలి, ఆ తర్వాతే ముక్క పరీక్ష. వరుస తిరగబడితే సూది పోటుకు చేరిన రక్తం, వాపు స్కానును పాడు చేస్తాయి. మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే రకం స్కానులో నీటి తిత్తిలాగే మెరుస్తుంది, కాంట్రాస్టు (స్కానుకు ముందు నరంలోకి ఎక్కించే మందు) ఇవ్వకుండా చూస్తే ఎవరైనా మోసపోతారు. ‘దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టింది’ అనుకున్న వాపు వారాలు గడిచినా తగ్గకపోతే దాన్నీ అనుమానించాలి. సైనోవియల్ సార్కోమా అనే మరో రకమైతే 5 సెం.మీ. లోపలే ఉండి, ఏళ్ల తరబడి నిదానంగా పెరిగి ఏమార్చగలదు. అంటే కొలత చిన్నదని ధీమా పడకూడదు.

సన్న సూదితో కణాలు లాగే పరీక్ష ఇక్కడ సాధారణంగా చాలదు. కణాలు ఎలా అల్లుకుని ఉన్నాయో తెలియకుండా రకం చెప్పడం కష్టం. 14 లేదా 16 గేజి కోర్ సూదితో (కణజాలాన్ని సన్నని కడ్డీలా కోసి తెచ్చే లావు సూది) నాలుగైదు ముక్కలు కావాలి, అవీ గడ్డలో బతికున్న భాగం నుంచి. మధ్యలో కుళ్లిన చోట గుచ్చితే వచ్చేది చచ్చిన కణజాలమే. సూది ఏ దారిన వెళ్లాలో తర్వాత ఆపరేషను చేయబోయే సర్జనే చెప్పాలి, ఆ దారి కూడా గడ్డతోపాటే తీయాల్సి వస్తుంది కనుక.

ఇక తీసిన ముక్కను ల్యాబుకు పంపే సీసా సంగతి. ముక్కకు పదింతలు ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రవం) ఉండాలి. అది కణజాలంలోకి దిగేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరు. 12 సెం.మీ. గడ్డను కోయకుండా అలాగే వేస్తే పైభాగం గట్టిపడేసరికి నడిమి భాగం కుళ్లుతుంది, విభజన చెందే కణాలను లెక్కపెట్టాల్సిన చోట ఏమీ మిగలదు. సన్నమూతి సీసాలోకి కుక్కిన గడ్డ లోపల బిగుసుకుంటుంది, బయటికి తీయాలంటే సీసా పగలగొట్టాలి. చిన్న విషయమే, కానీ ఆ లోగా గడ్డ ఆకారం, అంచులు వంకరపోతాయి.

సీసాతో వచ్చే కాగితం మీద ‘తొడ గడ్డ’ అని రెండే మాటలుంటాయి. వయసు, ఎంత లోతు, ఎన్నాళ్లుగా, ఎంత వేగంగా పెరిగింది, ఇదివరకు ఆపరేషనో రేడియేషనో అయిందా అన్నవి రాయరు. ఫలితం ఎలా ఉంటుందో చూడండి. ముంజేతి మీద రెండు మూడు వారాల్లో లేచిన 2 సెం.మీ. గడ్డలో కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి. ఆ వేగం సంగతి తెలియకపోతే సార్కోమా అని రాసేస్తారు. అది నాడ్యులర్ ఫేషియైటిస్ అనే క్యాన్సరు కాని గడ్డ, తనంతట తానే తగ్గిపోగలిగేది. దాన్ని గుర్తించడానికి యూఎస్‌పీ6 అనే జన్యువు పరీక్ష తోడ్పడుతుంది, కానీ ముందు అనుమానం రావాలి కదా. దీనికి తిరగేసినట్టుంటుంది ఎపితీలియాయిడ్ సార్కోమా: కుర్రవాళ్ల వేళ్ల మీద మానని పుండులా ఉండి, స్లైడులో క్షయ గాయాన్ని తలపిస్తుంది. ఐఎన్ఐ1 అనే ప్రొటీనును చూపే రంగు పరీక్షలో క్యాన్సరు కణాలు రంగు పట్టవు, అక్కడ దొరికిపోతుంది.

రంగు పరీక్షలనూ గుడ్డిగా నమ్మకూడదు. సీడీ99 అనే ప్రొటీను రంగు ఈవింగ్ సార్కోమాలో వస్తుంది, రక్తకణాల క్యాన్సరైన లింఫోబ్లాస్టిక్ లింఫోమాలోనూ వస్తుంది. కెరాటిన్ ప్రొటీను రంగు వచ్చిందని సైనోవియల్ సార్కోమాను మరెక్కడి నుంచో పాకిన కార్సినోమాగా (చర్మం, అవయవాల పై పొరల్లో పుట్టే క్యాన్సరు) రాసిన సందర్భాలున్నాయి. ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువు విరిగిందని ఫిష్ (జన్యువు విరుపును చూపే) పరీక్ష చెబితే సరిపోదు, అది ఏ జన్యువుతో అతుక్కుందో తెలియాలి. ఆ విరుపు ఈవింగ్‌లోనే కాదు, క్లియర్ సెల్ సార్కోమాలోనూ ఉంటుంది. లోతున ఉన్న పెద్ద కొవ్వు గడ్డ మామూలుదా, క్యాన్సరా తేల్చడానికి ఎండీఎం2 జన్యు పరీక్ష చేయించడం మేలు.

‘స్పిండిల్ సెల్ ట్యూమర్ (కదురు ఆకారపు కణాల గడ్డ), రకం తేలలేదు’ అని రాసిన రిపోర్టును చేతగానితనం అనుకోకండి. తెలియనిదానికి పేరు పెట్టడం కన్నా అది నయం. ఈవింగ్‌కు ముందు కీమో ఇస్తారు, డెస్మాయిడ్‌ను (వేరేచోటికి పాకని గడ్డ) చాలాసార్లు ఊరికే కనిపెట్టి చూస్తారు, పేరు మారితే వైద్యమే మారిపోతుంది. రెండో అభిప్రాయానికి వెళ్లేవారు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లి లాభం లేదు. స్లైడులు, మైనపు బ్లాకులు (ముక్కను మైనంలో పోసి దాచిన దిమ్మెలు), స్కాను సీడీ ల్యాబు నుంచి అడిగి తీసుకోవాలి. బ్లాకు ఏళ్ల తరబడి నిలుస్తుంది, కొత్త పరీక్షలన్నీ దాని మీదే చేయాలి.

ఇకముందు మీ ఆరోగ్య పేజీలో గడ్డల గురించి రాసేటప్పుడు నొప్పి మాట తీసేసి, కొలత, లోతు, పెరుగుదల వేయించగలరు.

– ఇద్దరు పాథాలజిస్టులు