అడిగిన మందు ఇవ్వనన్న మెడికల్ షాపు అన్నకు కృతజ్ఞతలు

చీరల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆషాఢం సేల్ మొదలైతే పొద్దున 10 గంటలకు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లం రాత్రి 9 దాకా కదలం. బాత్రూమ్‌కి పోవాలంటే మూడంతస్తులు దిగాలి, వచ్చేసరికి మన బేరం పక్క కౌంటర్‌కి పోతుంది. దానికి మేం కనిపెట్టిన ఉపాయం నీళ్లు తాగకపోవడం. ఆ తెలివికి ఫలితం పోయిన నెల అనుభవించాను. ఒంటికి వెళ్తే కారం చల్లినట్టు మంట. వచ్చేది నాలుగు చుక్కలు, పది నిమిషాలకే మళ్లీ పరుగు.

వేడి చేసిందని మా అత్తమ్మ సబ్జా నీళ్లు కలిపిచ్చింది. రెండు రోజులు చూశాను. మూడో రోజు రాత్రి ఓర్చుకోలేక మా సందు చివర మెడికల్ షాపుకి పోయి, ఫోన్‌లో ఫొటో చూపించాను. అది మా చెల్లెలికి ఎప్పుడో రాసిన యాంటీబయాటిక్. పోయినేడాది నాకు మంట వచ్చినప్పుడు దాని స్ట్రిప్‌లో మిగిలిన 3 మాత్రలు వేసుకుంటే తగ్గింది మరి.

"ఇది ఇవ్వను అక్కా" అన్నాడు. డబ్బులిచ్చి అడుక్కోవడం ఏంటని కోపమొచ్చింది. పక్కన మగవాళ్లు నిలబడి ఉన్నారు, గట్టిగా చెప్పుకునే జబ్బా ఇది? అది గమనించాడేమో, నన్ను కౌంటర్ చివరికి పిలిచి మెల్లగా అడిగాడు. జ్వరం, చలి ఉన్నాయా? నడుం పక్కన నొప్పి? వాంతులు? షుగర్, కిడ్నీ సమస్య ఏమైనా? నెల తప్పావా? అన్నిటికీ లేదన్నాను. జ్వరం, చలి ఉండుంటే ఈ రాత్రే పెద్దాసుపత్రికి పొమ్మనేవాడినన్నాడు. ఒక పారాసిటమాల్ చేతిలో పెట్టి, "పొద్దున్నే బస్తీ దవాఖానాకి పో. ముందు శాంపిల్ ఇవ్వు, తర్వాతే మందు" అన్నాడు. యాంటీబయాటిక్ ముందే పడితే కల్చర్‌లో, అంటే శాంపిల్‌లోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరక్కపోవచ్చట. మంటకిచ్చే మాత్రయితే మూత్రానికి రంగు పట్టించి మామూలు పరీక్షను కూడా తికమక పెడుతుందట.

మర్నాడు దవాఖానాలో డాక్టరమ్మ ఓపిగ్గా విని, శాంపిల్ తీయించి, రెండు మందులు రాశారు. క్రిమిని చంపే యాంటీబయాటిక్ నైట్రోఫురాంటోయిన్ 100 మి.గ్రా. పూటకొకటి, రోజుకు రెండు, 5 రోజులు. మంటకు ఫెనాజోపిరిడిన్ 200 మి.గ్రా. రోజుకు మూడు, 2 రోజులే. రెండూ తిన్నాకే. చీటీ పట్టుకుని మళ్లీ అన్న దగ్గరికే పోయాను. మంట మాత్ర కవర్ మీద ఎర్ర పెన్నుతో "2 రోజులే" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. ఆ కవర్ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. ఇది నొప్పిని నొక్కి పెడుతుందే గానీ క్రిమిని చంపదు, ఇదొక్కటే మింగుతూ కూర్చుంటే జబ్బు లోపల కిడ్నీ దాకా పోవచ్చు అన్నాడు. కిడ్నీలు బాగాలేనివాళ్లకు అసలే పనికిరాదట. పెదాలు నీలంగా మారినా, కళ్లు పచ్చబడినా ఆపేసి వెంటనే రమ్మన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు, నేను సరిగ్గా వినలేదు. ఆ సాయంత్రం బాత్రూమ్‌లో చూసుకుని గుండె ఆగినంత పనైంది. మా కౌంటర్లో కనకాంబరం రంగని అమ్మే పట్టుచీర ఉంటుందే, అచ్చం ఆ రంగు. రక్తమే అనుకుని ఏడుపు మొహంతో ఫోన్ చేస్తే, "మాత్ర రంగు అక్కా, పొద్దున చెప్పింది అదే కదా" అని నవ్వాడు. తెల్ల లంగా మీద పడిన మరక మాత్రం ఎన్ని ఉతుకులకీ పోలేదు.

ఇంట్లో పాత సిట్రేట్ సిరప్ సీసా ఉంటే మంటకు మంచిదని అదీ తాగబోయాను. ఎందుకైనా మంచిదని అడిగాను కాబట్టి సరిపోయింది. అది మూత్రంలో పులుపు తగ్గిస్తుంది, ఈ యాంటీబయాటిక్‌కేమో ఆ పులుపు ఉంటేనే బలం. సిరప్‌లో ఉప్పు కూడా ఎక్కువ, బీపీ ఉన్న మీ అత్తమ్మకు అసలే పోయొద్దు అన్నాడు.

మూడో రోజుకి మంట మాయమైంది. ఆ దారిన పోతుంటే షాపులోంచే కేకేశాడు, "అక్కా, ఇంకెన్ని మాత్రలున్నాయి?" అని. నిజం చెప్పాలంటే ఆ పొద్దున మాత్ర ఎగ్గొట్టాను. నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది, నోట మాట రాలేదు. ఇంటికి పోగానే అన్నం తిని వేసుకున్నాను. కోర్సు పూర్తి చేశాను. కల్చర్ రిపోర్టులో కూడా ఆ క్రిమికి ఆ మందే పనిచేస్తుందని వచ్చింది.

డాక్టరమ్మకు, నేను లేని పూట నా కౌంటర్ కూడా చూసుకున్న చెల్లెకు, సబ్జా నీళ్లిచ్చిన అత్తమ్మకు కూడా థాంక్స్. అన్నా, ఆ రోజు నీ మీద కోపంగా మాట్లాడినందుకు సారీ. చిల్లర లేక నేను బాకీ పడ్డ 12 రూపాయలు రేపు తెచ్చిస్తా.