అక్టోబర్ అహోర్న్‌బోడెన్ ట్రిప్ లేదు, ఇక బస్సు కూడా లేదు

అందరికీ నమస్తే. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా తెలిసి ఒకళ్ళు ఒకలా ఇంకొకళ్ళు ఇంకోలా అనుకునే కన్నా నేనే మొత్తం రాసేస్తే నయం అనిపించింది. ఇండియా నుంచి వచ్చిన మన పెద్దవాళ్ళని కూడా తీసుకుని ఆల్ప్స్‌కి వెళ్ళే మన శనివారం నడకలకి ఇక నుంచి బస్సు ఉండదు, మ్యూనిక్ నుంచి రైల్లోనే వెళ్తాం. అక్టోబర్‌లో పెట్టిన అహోర్న్‌బోడెన్ లోయ ట్రిప్ ఈ ఏడాదికి రద్దు. అడ్వాన్స్ కట్టినవాళ్ళకి పైసా తగ్గకుండా వెనక్కి వేస్తున్నా.

బస్సు సంగతి చెప్తా. మొదలుపెట్టినప్పట్నుంచీ మనకి బస్సు పంపేది ఒకే ఆయన, పేరు ఎందుకులెండి, ఎక్కినవాళ్ళందరికీ మనిషి గుర్తుండే ఉంటాడు. ఆ బస్సు మెట్టు బాగా కిందకి ఉండేది, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యలు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేవాళ్ళు, అందుకే రేటు కాస్త ఎక్కువైనా ఇంకొకరి వైపు చూడలేదు. సీజన్ మొత్తం శనివారాలు మీవే అని మార్చిలో అన్నాడు. జూలైలో రెండు లైన్ల మెయిల్ పెట్టాడు, సెప్టెంబర్ నుంచి బండ్లన్నీ ఒక పెద్ద కంపెనీకి ఇచ్చేశాం, మీకు కుదరదు, మీ సీజన్ బాగా జరగాలని కోరుకుంటున్నాం అని. కింద సంతకం కూడా ఆయనది కాదు, ఆఫీసులో అమ్మాయిది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసుకి వెళ్తే "వ్యాపారం కదా, మీకూ తెలుసు" అన్నాడు, కుర్చీలో కూర్చోమని కూడా అనలేదు. చలికాలంలో ఆయన బండ్లు షెడ్డులో ఊరికే పడుంటే, మనవాళ్ళకి మంచు చూపిద్దామని టెగర్న్‌జే సరస్సుకి ట్రిప్పులు పెట్టి మరీ పని ఇచ్చాను, దీపావళికి వాళ్ళింటికి కాజాలు పట్టుకెళ్ళాను. పెద్ద కంపెనీ వస్తే వెళ్ళనీ, తప్పులేదు, కానీ మార్చిలో ఇచ్చిన మాట జూలైలో మెయిల్‌తో తుడిచేస్తే ఎలా. ఆగస్టు వరకు పంపిస్తానన్నాడు, వద్దని నేనే చెప్పేశా. మా ఆవిడ ఆ నెల కూడా వాడుకోవచ్చు కదా అంది, ఆమె అన్నది లెక్క ప్రకారం కరెక్టే, కానీ నాకు ఆ బస్సు ఎక్కబుద్ధి కాలేదు, అంతే.

ఇంకో బస్సు మాట్లాడొచ్చు కదా అని చాలామంది అడిగారు. మాట్లాడా. సెప్టెంబర్, అక్టోబర్ అంటే మ్యూనిక్‌లో బస్సులకి గిరాకీ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, వాళ్ళు చెప్పిన రేటు మీ నెత్తిన వేయలేను. రెండు నైన్ సీటర్లు అద్దెకి తీసుకుని నువ్వొకటి, ఇంకొకళ్ళు ఒకటి నడిపేయండి అని ఒక అన్నయ్య సలహా. మామూలు లైసెన్స్‌తో ఆ బండి నడపొచ్చు నిజమే, కానీ డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవాలంటే ఇక్కడ దానికి వేరే పర్మిట్ కావాలి. అది లేకుండా మీ అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కొండ రోడ్ల మీద తిప్పే ధైర్యం నాకు లేదు.

నిద్ర పట్టనివ్వంది మాత్రం అహోర్న్‌బోడెనే. కొత్తవాళ్ళ కోసం: కార్వెండెల్ కొండల మధ్య పచ్చిక మైదానం లాంటి లోయ అది, అందులో రెండు వేల పైచిలుకు మేపుల్ చెట్లు, కొన్నిటి వయసు వందల ఏళ్ళు, 1927 నుంచి రక్షిత ప్రాంతం. అక్టోబర్ మధ్యలో ఆకులన్నీ పసుపెక్కుతాయి, వెనక గోడలా నిలువు రాతి కొండ. లోయ ఉన్నది ఆస్ట్రియాలో, కానీ కారు రోడ్డు మాత్రం జర్మనీ వైపు నుంచే, హింటర్‌రిస్ దాటాక టోల్ కట్టి లోపలికి వెళ్ళాలి. దిగాక ఎక్కడం దిగడం ఏమీ లేదు, చదునుగా నడుచుకుంటూ గుడిసెల దాకా వెళ్ళి మజ్జిగ తాగి రావడమే. కొండ ఎక్కలేని పెద్దవాళ్ళకి ఆల్ప్స్‌ని అంత దగ్గరగా చూపించే చోటు మన లిస్టులో ఇంకోటి లేదు. షెంగెన్ వీసా మీద 90 రోజులే ఉండనిస్తారు కదా, ఆ చెట్లు చూడాలని వేసవి వదిలేసి ఆగస్టు ఆఖర్లో వచ్చేలా టికెట్లు కొన్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడం కన్నా ఆ బస్సాయన ఆఫీసులో నిలబడ్డమే తేలిక.

లెంగ్రీస్ దాకా రైలు, అక్కడి నుంచి లోయలోకి పబ్లిక్ బస్సు ఉంది, అది కూడా ఆలోచించా. రోజుకి కొన్ని ట్రిప్పులే. శనివారం పొద్దున నేనే వెళ్ళి చూశా, సైకిళ్ళవాళ్ళు, వీపుకి సంచులు తగిలించుకున్నవాళ్ళు అప్పటికే స్టాపులో నిండిపోయారు, ఇరవై మందితో నేను వెళ్తే సగం మంది నిలబడాలి, మిగతా సగం తర్వాతి బస్సుకి. సాయంత్రం చివరి బస్సులో చోటు దొరక్కపోతే లోయలోంచి పెద్దవాళ్ళని ఎలా తీసుకురావాలి? చిన్న గుంపులుగా పంపుదామా, కుర్రాళ్ళనే తీసుకెళ్దామా అని కాగితాల మీద చాలా గీశాను. పెద్దవాళ్ళని వదిలేసి కుర్రాళ్ళని తీసుకెళ్తే ఇక నేనెందుకు, వాళ్ళే వెళ్ళగలరు. అందుకే మొత్తానికే ఆపేశా.

ఇప్పుడు రైలు దారులు. టెగర్న్‌జే స్టేషన్‌లో దిగి నాయ్‌రాయిట్ అనే కొండ ఎక్కుతాం, దాదాపు 500 మీటర్ల ఎత్తు. నిటారుగా వెళ్ళే కాలిబాట ఒకటి, చలికాలం దారి అని పిలిచే వెడల్పాటి అడవి రోడ్డు ఒకటి ఉన్నాయి, మనం రెండోదే పట్టుకుంటాం. ఇక్కడ నడక టైమ్ కట్టే లెక్క ఒకటుంది: గంటకి 300 మీటర్లు ఎక్కుడు, 500 మీటర్లు దిగుడు, చదునుగా అయితే 4 కిలోమీటర్లు, ఎత్తుకి పట్టే టైమ్ ఒకటి, దూరానికి పట్టే టైమ్ ఒకటి విడిగా కట్టి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. అలా చూస్తే నాయ్‌రాయిట్‌కి రెండు గంటల పైన వస్తుంది. నేను మూడు గంటలు వేస్తా, ఫోటోలు, మంచినీళ్ళు, ఇండియాకి వీడియో కాల్ అన్నీ కలిపి. పైనుంచి సరస్సు మొత్తం కనిపిస్తుంది, ఎదురుగా వాల్‌బర్గ్ కొండ. ఓపిక ఉన్నవాళ్ళు అక్కణ్ణుంచి గిండెల్‌ఆల్మ్ అనే కొండ పచ్చిక మీదుగా ష్లీర్‌జే ఊరి వైపు దిగి అక్కడి స్టేషన్‌లో రైలెక్కేయొచ్చు, వెనక్కి వచ్చే పనే లేదు. బస్సు ఉన్నన్నాళ్ళూ బండి పెట్టిన చోటికే తిరిగి రావాల్సొచ్చేది, ఈ దారి చేయడం కుదిరేదే కాదు. (ఇది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.)

ఒక్క జాగ్రత్త, టెగర్న్‌జే వెళ్ళే ఆ రైలు దారిలో విడిపోతుంది. హోల్జ్‌కిర్షెన్‌లో ఒక ముక్క బైరిష్‌జెల్ వైపు, షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకో ముక్క లెంగ్రీస్‌కి. సీటు ఖాళీగా ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ కూర్చుంటే పులిహోర పొట్లాలు ఒక ఊళ్ళో, మీరు ఒక ఊళ్ళో. పెట్టె మీద బోర్డు చూసి, నా పసుపు టోపీ ఉన్న పెట్టెలోనే ఎక్కండి. మీకు 2026 జనవరి నుంచి 63 యూరోలైన డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ పాస్) ఉంటే చాలు, పెద్దవాళ్ళకి బయర్న్ టికెట్ (ఒక రోజు టికెట్) ఐదుగురు దాకా కలిపి తీసుకోండి, వారాంతంలో పొద్దున ఎంత త్వరగా అయినా చెల్లుతుంది. బస్సు ఖర్చు తీసేసి నడక ఫీజు మాత్రమే తీసుకుంటా.

ఆవులు సెప్టెంబర్ దాకా కొండ మీదే ఉంటాయి. దండం దూరం నుంచే పెట్టించండి. మెడలో గంట, పక్కన దూడ చూసి ముచ్చటపడి నుదురు ముట్టుకోబోతారు మన అమ్మలు, దూడ ఉన్న ఆవు అస్సలు ఊరుకోదు. కంచె గేటు దగ్గర చీర కుచ్చిళ్ళు వైరుకి తగలకుండా చూడండి, కరెంటు ఉంటుంది.

అక్టోబర్‌లో అదే తేదీకి ముర్నావ్ మోస్ పెడుతున్నా. ముర్నావ్ దాకా రైలు, చిత్తడి నేల చుట్టూ 12 కిలోమీటర్ల చదును దారి, ఓపిక లేనివాళ్ళు చెక్క బాట దాకా వెళ్ళి తిరిగి రావచ్చు. అక్టోబర్‌లో గడ్డి అంతా ఎర్రబారి ఉంటుంది, వెనక కొండలు బాగా కనిపిస్తాయి. అహోర్న్‌బోడెన్‌కి సాటి అని మాత్రం నాచేత చెప్పించకండి. అడ్వాన్స్ దీనికి మార్చుకోవాలనుకునేవాళ్ళు గురువారం లోపు మెసేజ్ పెట్టండి, పెట్టనివాళ్ళకి శుక్రవారం అకౌంట్‌లో పడిపోతుంది. ఆ బస్సాయనతో నేను మాట్లాడి చూస్తానని ఇద్దరు ముగ్గురు అన్నారు, థాంక్స్, కానీ దయచేసి వద్దు.