గోడకి ముక్కు దొరికిందిరా!

ఒరేయ్ చంటీ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, జవాబు జూన్‌లో రాస్తున్నాను. సాకులేం చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి మోకాలి నొప్పి అలాగే ఉంది. చెల్లికి సంబంధం కుదిరేలా ఉంది, అది ఫోన్లో చెబుతా. ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లు వదిలారు, మీ నాన్నగారు నారుమడి పనిలో మునిగిపోయారు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

గోడకి ముక్కు దొరికిందిరా!

కాలేజీలో బిల్డింగు డిజైన్ వైవాలో, గాలిని బట్టి తనంతట తానే తెరుచుకుని మూసుకునే గోడ గురించి నేను చెబితే మన పొట్టి మాస్టారు అడిగారు చూడు, "ఊపిరి పీల్చే గోడ అంటున్నావు, ముక్కెక్కడుందో చూపించు" అని. సరిగ్గా అప్పుడే నువ్వు వెనకనుంచి తుమ్మావు. ఆ తుమ్ముకి పోయిన నా మార్కులు మొన్న వడ్డీతో సహా వసూలయ్యాయి.

రాజోలు వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన అమలాపురంలో మూడంతస్తులు కడుతున్నారు. కింద షాపులు, పైన ట్యూషన్ సెంటర్. రోడ్డు వైపంతా పడమటి ముఖం. "హైదరాబాద్‌లోలాగ మొత్తం నీలం గ్లాసు కొట్టేయండి" అన్నారు. పడమటెండకి గ్లాసు! లోపల పిల్లలు ఉడికిపోతారండీ అంటే, ఏసీలు పెడదాం అన్నారు. ఏసీ ఆగితే? జనరేటర్ అన్నారు. ఆయన దగ్గర అన్నిటికీ ఏదో ఒక మెషీన్ ఉంది.

అప్పుడు చర్మం కథ ఎత్తుకున్నాను. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులు ఉన్నాయి, లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది, అలాంటి తోలు బిల్డింగుకి ఎందుకు ఉండకూడదు అని. ఆయన కండువాతో మెడ తుడుచుకుంటూ, "ఇక్కడ నా చెమటే ఆరట్లేదు, గోడ చెమటేం ఆరుతుందండీ?" అన్నారు. ఒరేయ్, అసలు పాయింట్ అదే! చల్లదనం చెమట కారితే రాదు, ఆరితే వస్తుంది. సముద్రం ఒకపక్క, చెరువులు మరోపక్క, మధ్యలో కాలువలు. గాలి అప్పటికే తడితో నిండిపోయి ఉంటే చెమట ఎక్కడికి పోతుంది? కాబట్టి మనకి చెమట పట్టే తోలు పనికిరాదు. గాలి ఎప్పుడు రావాలో, ఎప్పుడు రాకూడదో తెలిసిన తోలు కావాలి.

నువ్వు ఉండే అబుదాబిలో అల్ బహర్ టవర్లు ఉన్నాయి కదా, 2012లో కట్టినవి. ఒక్కో టవరుకి వెయ్యికి పైగా గొడుగులు, ఎండ తగిలినవైపు విచ్చుకుంటాయి. అద్భుతమే, కాదనను. కానీ అదంతా కంప్యూటరు, మోటార్లు. మన ఉప్పుగాలికి సైకిలు చెయినే రెండు వానాకాలాలు ఆగదు, మోటార్లు ఆగుతాయా? పారిస్‌లో 1987లో జాన్ నువెల్ అనే ఆర్కిటెక్టు అరబ్ ఇన్‌స్టిట్యూట్‌కి కెమెరా కన్నులాంటి షట్టర్లు పెడితే అవీ మొరాయించాయి. ఆ ఊరి సంగతే అలా ఉంటే మన అమలాపురంలో రిపేరుకి ఎవరొస్తారు?

మోటారు లేనిది కావాలి. పైన్ కాయ తెలుసు కదా, ఎండితే విచ్చుకుంటుంది, తడిస్తే మూసుకుంటుంది. చచ్చిన కాయ కూడా ఈ పని చేస్తుంది. ఆ కిటుకు పట్టుకుని జర్మనీలో ఆకిమ్ మెంగెస్ అనే ఆర్కిటెక్టు బృందం పలచటి చెక్కరేకులతో 2012లో పారిస్ పాంపిదూ సెంటర్ మ్యూజియం కోసం తేమకి కదిలే నిర్మాణం ఒకటి, తర్వాత ఏడాది హైగ్రోస్కిన్ అని ఇంకోటి చేశారు. కరెంటు లేదు, సెన్సార్ లేదు. తేమకి చెక్క ఉబ్బుతుంది, అంతే. (లాస్ ఏంజెలెస్‌లో డోరిస్ సంగ్ అనే ఆర్కిటెక్టు రెండు లోహాల రేకులతో ఎండకి మెలితిరిగే గూడు ఒకటి కట్టింది. ఆవిడ ముందు చదివింది జీవశాస్త్రమట. దాని గురించి ఇంకోసారి.)

ఇదంతా మా వడ్రంగి బాబాయికి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి అన్న మాట యథాతథంగా రాస్తున్నా: "ఆయ్, ఇది మనకి తెలియంది కాదండి. వానాకాలం తలుపు బిగుసుకుపోతే చిత్రిక పట్టమని పిలిచేది నన్నే కదండీ. ఇన్నేళ్లూ నేను ఏ రోగాన్ని కుదురుస్తున్నానో అదే మీరు కావాలంటున్నారు." నేను రాజమండ్రి నుంచి టేకు రేకు తెద్దామనుకుంటుంటే, "టేకు కదలదనే కదండీ అంత డబ్బు పోస్తారు. కదలాలంటే మామిడి తెండి" అన్నాడు. ప్లైవుడ్డు లోపలి పొరకి వాడే మామిడి రేకు తెచ్చాం. కారుచవక.

ఇప్పుడు చిక్కంతా ఇక్కడే. పైన్ కాయ వరస మనకి తిరగబడుతుంది. తేమకి మూసుకుంటే ఎలా? మనకి గాలి కావాల్సింది ఉక్కపోసినప్పుడే కదా! మే నెలలో మధ్యాహ్నం వడగాలి పొడిగా, నిప్పులా కొడుతుంది, అప్పుడు మూసుకోవాలి. సాయంత్రం గాలి మళ్లి సముద్రం వైపు నుంచి వస్తుంది, తడి గాలి, అప్పుడు తెరుచుకోవాలి. అంటే మనం చూడాల్సింది ఆకుని. ఏడో తరగతిలో బొమ్మ గీసిన పత్రరంధ్రం గుర్తుందా? పక్కనున్న రెండు కణాలూ నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, గాలి మరీ పొడిగా ఉంటే మూసుకుంటుంది. మన పెరట్లో ప్రతి ఆకూ చేసే పనే.

చెక్క నార పొడవునా దాదాపు పెరగదు, నారకి అడ్డంగానే ఉబ్బుతుంది. అందుకని నార అడ్డంగా ఉండేలా జానెడు రేకులు కోశాం. తేమ తగిలితే అవి కిందికి సాగాలి. బయటివైపు తేమ పీల్చని పలచటి ఫైబర్ షీటు, లోపలివైపు మామిడి. లోపలి పొర సాగి బయటిది సాగకపోతే రేకు బయటికి వంగుతుంది. పైఅంచు మాత్రం ఫ్రేముకి బిగించాం, కింద వదిలేశాం. రేకుల్ని ఎర్రటెండలో ఎండబెట్టి మిట్టమధ్యాహ్నం అతికించాడు బాబాయి, ఎండుగా ఉన్నప్పుడు చదునుగా ఉండాలని. ఆ మాట నేను చెప్పలేదు, ఆయనకే తట్టింది. మెట్లగది పక్కన ఒక్క కిటికీకి బిగించాం. ఇది పని చేయకపోతే గ్లాసే అన్నారు ఆసామి.

ఆ రోజు వడగాడ్పు. ఆయన, వాళ్లమ్మగారు వచ్చారు. ఆవిడకి కుర్చీ వేయించాం. రేకులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని పడుకున్నాయి. "ఊపిరి పీలుస్తుందన్నారు, ఊపిరి బిగబట్టిందేంటండీ?" అన్నారాయన. నాకు టెన్షన్. మజ్జిగ తెప్పించాను, రొయ్యల రేటు అడిగాను, చెరువుల్లో జబ్బు గురించి అరగంట విన్నాను. ఐదు దాటాక గాలి మళ్లింది. తూర్పు గదుల కిటికీలు తీసే ఉన్నాయి. బాబాయి నా భుజం గిల్లాడు.

టిక్. మళ్లీ టిక్.

పైవరసలో మూడో రేకు ముందు లేచిందిరా! తర్వాత దాని పక్కది. తర్వాత ఒకటి కింద, ఒకటి మూలన, ఎవరి ఇష్టం వాళ్లది. మెల్లిగా అన్నీ కింది అంచులు ఎత్తాయి, చీర చెంగు ఆడేంత గాలి ఆ గదిలోంచి పడమటికి పోవడం మొదలైంది. ఎవరూ స్విచ్ వేయలేదు. అమ్మగారు చాలాసేపు చూసి, "మధ్యాహ్నం మూసి సాయంత్రం తీయడమేగా! కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నాచేత రోజూ చేయించిన పని. ఇన్ని డబ్బులు పోస్తే ఈ చెక్కకి వచ్చింది" అన్నారు. ఆసామి పగలబడి నవ్వారు. గ్లాసు మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగు రోజులకి వాన పడింది. పరిగెత్తుకెళ్లి చూస్తే రేకులన్నీ బయటికి వంగి, ప్రతిదీ ఓ బుల్లి చూరై జల్లుని బయటికే జార్చేస్తోంది. కింది వరసలో మాత్రం నేల తడిసింది. పడమటి గాలివాన సూటిగా కొడితే లోపలికి రావడం ఖాయం, అక్కడ వేరే ఏదైనా ఆలోచించాలి. ఇంకో భయం బూజు. మామిడికి పురుగు కూడా తొందరగా పడుతుంది. మందు పూస్తే తేమ పీల్చడం తగ్గుతుందేమో, పూయకపోతే రెండేళ్లు ఆగుతుందో లేదో. బాబాయి ఏమంటాడంటే రేకులు ఎలాగూ చవక, పాడైనవి పీకేసి తాటాకు ఇంటికి ఏటా ఆకు మార్చినట్టు మార్చుకుందాం అని. నాకూ అదే సరి అనిపిస్తోంది, కానీ ఆసామి ఒప్పుకోవాలిగా. మొత్తం గోడకి ఎన్ని రేకులవుతాయో లెక్క వేస్తే... సరే, అది వద్దులే.

నీకో పని. ఒక సెలవు రోజు ఆ టవర్ల దగ్గరికెళ్లి, గొడుగుల మడతల్లో ఇసుక పేరుకుంటే ఎవరు, ఎలా తుడుస్తున్నారో అడుగు. ఫొటో కాదు, మాటల్లో రాసి పంపు. ఇంకా చాలా ఉంది, పొట్టి మాస్టారు మొన్న రావులపాలెం బస్టాండ్‌లో కనపడి నన్ను చూసి ఏమన్నారో తెలిస్తే నువ్వు...

అయ్యో, మీ బావగారు కారు తెచ్చేశారు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. ఆవకాయ సీసా నీది, చిన్నది మీ రూమ్మేట్‌ది, మార్చేయకు.

నీ
ముక్కు డాక్టర్